బొడ్డమ్మ చెప్పిన మొహం

అబద్ధమని కూడా అనలేం దాన్ని. అబద్ధమంటే ఎవరికో ఒకరికి నష్టం జరగాలి. సముద్రం ఒడ్డున బతికే ఒక ఆడమనిషి నోట ఆమెకి తోచని అందమైన మాట ఒకటి పెట్టినంత మాత్రాన ఎవరికేం పోయింది, ఆమెకి ఇంగ్లీషు రాదు, ఆ పుస్తకం ఆమె గుమ్మం తొక్కదు, తొక్కినా తన బొమ్మ కింద ఏం రాసుందో చదివి చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరున్నారు, తను తప్ప... ఇక్కడికొచ్చేసరికి బర్నబా ఆలోచన ఆగిపోతోంది. పొద్దున్న టెక్కలిలో బస్సెక్కినప్పటి నుంచి మూడుసార్లు ఇదే దారిన నడిచి ఇదే చోట ఆగింది.

పలాసలో బస్సు దిగి ఆటో ఎక్కాడు. జీడిపిక్కలు వేయిస్తున్న ఘాటు పొగ ఊరు దాటేదాకా వెంట వచ్చింది. ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో రెండు కాగితాలు. ఒకటి పుస్తకంలోని అరవై రెండో పేజీ అచ్చు నమూనా, బొడ్డమ్మ బొమ్మా దాని కింద ఆ మాటా ఉన్నది. రెండోది అంగీకార పత్రం: నా బొమ్మనీ నా మాటలనీ ప్రచురించుకోవడానికి ఒప్పుకుంటున్నాను, అని. దాని మీద బొడ్డమ్మ వేలిముద్ర కావాలి. సోమవారం లోపల పంపకపోతే ఆ పేజీ తీసేస్తారని బొమ్మ గీసిన మార్గిట్ మెయిల్ రాసింది. చివర, "పుస్తకం మొత్తానికి ఈ వాక్యమే ప్రాణం, అట్ట మీద కూడా వేద్దామంటున్నారు" అని.

ఆ ముక్క బర్నబా పదిసార్లు చదువుకున్నాడు. పదకొండోసారి ఆటోలో.

అతనికి నలభై ఎనిమిదేళ్ళు. టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. ఇరవై రెండు కథలు రాశాడు, వాటిలో ఒక్కటి కూడా తను చూసిన చోట జరగదు. పూండిలో పుట్టి పెరిగిన ఇంట్లో గోడకి ప్రతి ఏడూ చర్చి వాళ్ళిచ్చే క్యాలెండరు ఉండేది. పన్నెండు నెలలకి పన్నెండు పరాయి ఊళ్ళు. మంచు కప్పిన ఇళ్ళకప్పులు, రాతి వంతెన, గొడుగు పట్టుకుని ఎటో వెళ్ళిపోతున్న ఒక స్త్రీ. బయట ఉప్పుగాలి, చెమట, చేపల తట్టలు, పక్కింటి వాళ్ళ తిట్లు. అసలు బతుకు అక్కడెక్కడో జరుగుతోందనీ, ఇక్కడ జరుగుతున్నది దాని కోసం ఎదురు చూడడమేననీ ఆ పిల్లవాడు నమ్మాడు. పెద్దయ్యాక కథల నిండా ఆ గొడుగు స్త్రీయే. పాఠకులు ఉత్తరాలు రాసేవారు, ఆ దేశాలు ఎప్పుడు వెళ్ళొచ్చారు సార్, అని. అతను జవాబు రాసేవాడు కాదు. వెళ్ళలేదని చెప్పడానికి సిగ్గు, వెళ్ళానని చెప్పడానికి భయం.

జనవరిలో మార్గిట్ వచ్చింది. హంగరీ దేశపు చిత్రకారిణి, అరవై దాటిన మనిషి. మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తెలియని తీరప్రాంతాలు లోకంలో ఇంకా కొన్ని ఉన్నాయట, అలాంటివి రెండు అప్పటికే గీసి ఉద్దానం వచ్చింది. దుబాసీగా బర్నబాని ఎవరో చెప్పారు. ఊళ్ళో వాళ్ళు ఆమెని మారిగమ్మ అన్నారు. మూడు వారాలు ఆమె వెనక తిరిగాడు. ఎండబెట్టిన వల చూసి ఆగిపోయేది. వంగిన కొబ్బరిచెట్టు నీడ చూసి ఆగిపోయేది. ఒక ఇంటి ముందు బిందెల వరసని గంటసేపు గీసింది. తను నలభై ఏళ్ళు మొహం తిప్పుకుని తిరిగిన చోటు ఆమె కాగితం మీద క్యాలెండరు బొమ్మ అవుతుంటే బర్నబాకి ఒళ్ళు జలదరించేది. ఆమె కళ్ళతో చూస్తే ఇదీ పరాయి దేశమే. పరాయి దేశమయ్యాకే అతనికి అది నచ్చింది. అందులో ఏదో తప్పుందని తోచింది గాని, ఆ తోచడం కూడా కథలో వాక్యంలా బాగుందనిపించి ఊరుకున్నాడు.

బొడ్డమ్మని గీసింది ఆఖరి రోజుల్లో. యాభై ఐదేళ్ళ మనిషి, మొహం నీరుపట్టి కళ్ళు సన్నటి గీతలైపోయాయి. వాకిట్లో మంచం మీద కూర్చుని మార్గిట్ పెన్సిల్ వైపు కాసేపు చూసింది. తర్వాత బర్నబాతో మాట్లాడడం మొదలుపెట్టింది. పది నిమిషాలు ఆపకుండా మాట్లాడింది, చేత్తో తన బుగ్గలూ ముక్కూ తడుముకుంటూ.

ఆమె అడిగింది ఒకటే. ఈ మొహం గీయొద్దని చెప్పు. జబ్బు రాకముందు నాకో మొహం ఉండేది, అది నేను చెబుతాను, ఆవిడ గీస్తుంది. తిత్లీ తుఫానులో ట్రంకుపెట్టె ఫొటోలతో సహా కొట్టుకుపోయింది. ఆధార్ కార్డులో మసిముద్ద తప్ప ఏమీ లేదు. "నాను పోయాక గోడకి ఏటి తగిలిత్తారు బావు, ఈ బూరిలాటి మొకమా? మా ఆయన పోయినప్పటికి నాకీ వాపు నేదు. రేపు ఆడకెల్తే ఆయన నన్ను ఎలగ పోలుత్తాడు?"

మార్గిట్ పెన్సిల్ ఆపి, ఏమంటోంది, అన్నట్టు చూసింది.

ఆ క్షణాన్ని బర్నబా తర్వాత చాలాసార్లు విప్పి చూసుకున్నాడు. ఆమె నొచ్చుకుంటుందని భయపడ్డాడా? ఆ వాపు మొహం కోసమేగదా సముద్రాలు దాటి వచ్చింది, వద్దంటే ఎలా, అనుకున్నాడా? అదీ కొంత. కాని అసలు సంగతి అది కాదు. ఒక విదేశీ మనిషి తన నోటి వైపు చూస్తోంది. తన నోట్లోంచి వచ్చే తర్వాతి మాట విదేశీ పుస్తకంలోకి వెళ్తుంది. ఇరవై రెండు కథలు తీసుకెళ్ళలేని చోటికి ఒక్క వాక్యం వెళ్ళిపోతుంది. ఆ వాక్యం ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నట్టు నోట్లోకి వచ్చేసింది.

"సముద్రం ముందు నా ఊరిని తీసుకుంది, తర్వాత నా మనిషిని తీసుకుంది, ఇప్పుడు నా ఒంట్లో కాపురం పెట్టింది, అంటోంది."

మార్గిట్ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. బొమ్మ అంచున ఆ మాట రాసుకుంది. "చెప్పినావా బావు?" అంది బొడ్డమ్మ. "చెప్పాను" అన్నాడు.

ఆటో దిగి ఇసుకలో నడిచాడు. బొడ్డమ్మ కోడలు మోహిని వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"అత్తా! మేస్టారొచ్చినారు. ఏటి మేస్టారూ, మారిగమ్మ రానేదేటి? మా ఇంటి టీ అంటే బయమేసి ఉంటాది. ఆ పాలి ఒక్క గుక్క తాగి మూడు దణ్ణాలెట్టినాది."

బొడ్డమ్మ లోపల చాప మీద పడుకుని ఉంది. నిన్ననే పలాస ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకుని వచ్చిందట. జనవరి నాటి మనిషి కాదు. మొహం ఇంకా ఊది, రంగు బూడిదయ్యింది. చూపు ఒకచోట నిలవడం లేదు.

"ఎవులు?"

"ఇంగ్లీసు మేస్టారు అత్తా. మొన్న ఫోన్లో సెప్పినారు గదా, బొమ్మ తెచ్చినారు, నీ ఏలుముద్ర కావాలంట."

మోహిని ఆమెని గోడకి చేరవేసి కూర్చోబెట్టి, చేట తెచ్చుకుని పక్కన కూర్చుంది. బర్నబా కాగితం తీసి చేతికిచ్చాడు. ఇవ్వకుండా వేలిముద్ర తీసుకోవచ్చు. ఇవ్వాలని అనుకోలేదు కూడా. చెయ్యి ఇచ్చేసింది.

బొడ్డమ్మ కాగితాన్ని దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని చూసింది. చాలాసేపు.

"ఈవిడెవులు?"

"నువ్వే అత్తా."

"ఓలమ్మ, నానా?" అని వేలితో ఆ బొమ్మ బుగ్గని నొక్కింది, నిజంగా వాపేమో చూస్తున్నట్టు. "బొమ్మ బాగానే గీసినాది. మొకమే బాగునేదు." మోహిని నవ్వింది. బొడ్డమ్మ నవ్వలేదు. "కింద అచ్చరాలు ఏటున్నాయి?"

బర్నబా చదవడానికి తడుముకున్నాడు. ఇంగ్లీషులో నిక్కచ్చిగా నిలబడ్డ వాక్యం తెలుగులోకి వస్తుంటే నాలుక మీద జారిపోతోంది. మెల్లిగా చెప్పాడు. ఊరిని తీసుకుంది. మనిషిని తీసుకుంది. ఒంట్లో కాపురం పెట్టింది.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవులన్నారు ఆ మాట?" అంది బొడ్డమ్మ.

అతను ఫోల్డరు తెరిచి మళ్ళీ మూశాడు.

"సముద్రం ఒంట్లో కాపరం ఎట్టడమేటి, మతి పోనాదేటి? అది మాకు కూడెట్టినాది. మా ఆయన సముద్రంలో పోనేదు గదా బావు. ఈ జబ్బుతోనే, ఈ చాప మీదే పోనాడు. అదీ రాసేసినారా?"

"మారిగమ్మ కథలు అల్లేసినాదత్తా" అంది మోహిని. "దొరసాన్లకి ఏటి తెలుత్తాది మన సంగతి."

మార్గిట్ మీదికి పోయింది నేరం. అలా పోనిస్తే సరిపోతుంది. బర్నబా గోడ వైపు చూశాడు. మేకు ఒకటి కొట్టి ఉంది, దానికి ఏమీ లేదు.

"ఆవిడ కాదు" అన్నాడు. "నేనే చెప్పాను. నువ్వు అడిగింది ఆవిడకి చెప్పలేదు."

మోహిని చేట పక్కన పెట్టింది. బొడ్డమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మబ్బు పట్టిన కళ్ళతో ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

"నానేటి అడిగినాను?"

"నీ పాత మొహం గీయమని. ఎలా ఉండేదో నాకు చెప్పావు. ఇప్పుడు మళ్ళీ చెప్పమ్మా, ఫోన్లో ఆవిడకి చెబుతాను. ఇంకా టైముంది."

బొడ్డమ్మ చెయ్యి మెల్లిగా లేచి బుగ్గ దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. పెదవులు కదిలాయి. చెయ్యి ముక్కు మీదికి, నుదుటి మీదికి వెళ్ళి దిగిపోయింది.

"ఏటో బావు. అప్పుడు ఉన్నాది. ఇప్పుడు రాడం నేదు."

"రెండు నెల్లయ్యి ఇలగే మేస్టారూ" అంది మోహిని గొంతు తగ్గించి. "పొద్దున్న తిన్నాది మద్దేనానికి గుర్తుండదు. డాట్రు సెప్పినాడు, నెత్తురులో మురికి తలకెక్కేస్తాదని."

"నీకు తెలియదా? ఈమె ముందు ఎలా ఉండేదో?"

"నాను కాపరానికొచ్చేసరికే ఇలగుంది. నా మొగుడికి ఫోన్ సేసి అడిగినాను గదా, గుజరాత్ వీరావల్‌లో బోటు మీదున్నాడు. అమ్మ మొకమేటే, అమ్మలాగే ఉండేది, అన్నాడు. మగోళ్ళు సూత్తారా ఏటి." ఆమె కాగితం వైపు వంగింది. "దీన్నే పెద్దది సేయించి ఎట్టుకుంటాం లెండి. ఏలు ఎక్కడెయ్యాల?"

ఇంక్ ప్యాడ్ అతని జేబులో ఉంది. పలాసలో కొన్నాడు. బొడ్డమ్మ అప్పుడే బొటనవేలు చాపి కూర్చుంది, ఆసుపత్రిలో చాపడం అలవాటైన చెయ్యి, దేనికని అడగకుండా. సూదులు గుచ్చిన చోట చర్మం నల్లగా గట్టిపడింది. వేలు నొక్కితే చాలు. ఆ వాక్యం అట్ట మీదికి వెళ్తుంది, రాతి వంతెనలున్న ఊళ్ళల్లో పుస్తకాల షాపు అద్దాల వెనక నిలబడుతుంది. కింద బొడ్డమ్మ పేరే ఉంటుంది. అది తనదని ఎవరికీ తెలియకపోయినా తనకి తెలుస్తుంది. అంతకన్నా ఏం కావాలి?

"నువ్వు ఇన్నావు గదా" అంది బొడ్డమ్మ హఠాత్తుగా. వేలు ఇంకా చాపే ఉంది. "ఆ రోజు నాను సెప్తుంటే నువ్వే గదా ఇన్నావు. సదువుకున్నోడివి. నీకూ గుర్తు నేదేటి?"

గుర్తుంది. ప్రతి మాటా గుర్తుంది. ఐదు నెలలుగా గడ్డం గీసుకుంటున్నప్పుడు, పాఠం మధ్యలో బోర్డు తుడుస్తున్నప్పుడు, అడక్కుండానే ఆ పది నిమిషాలూ ఆమె గొంతుతోనే లోపల నడుస్తున్నాయి. మర్చిపోదామనుకున్నకొద్దీ ఇంకో మాట అదనంగా గుర్తొచ్చేది. ఆ మొహం ఇప్పుడు ఆమె దగ్గర లేదు, కొడుకు దగ్గర లేదు, ఏ పెట్టెలోనూ లేదు. దాచిపెట్టిన తన దగ్గరే ఉంది. రేపు ఆమె పోతే, ఆ తర్వాత తను పోతే, ఇంక ఎక్కడా ఉండదు. అందమైన మాటలు ఎన్నయినా దొరుకుతాయి, అనుకున్నాడు, వెంటనే అది కూడా అందమైన మాటేనని తెలిసి మొహం తిప్పుకున్నాడు.

"ఏటి మేస్టారూ" అంది మోహిని. "అత్త చెయ్యి నొప్పెడతాది."

బర్నబా ఆ చెయ్యి పట్టుకుని ఆమె ఒళ్ళో పెట్టాడు. ఫోన్ తీసి మార్గిట్ పేరు తెరిచి వాయిస్ మెసేజికి రికార్డు నొక్కాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, క్లాసులో చిన్నవాళ్ళకి చెప్పినట్టు, మాట వెనక మాట.

"మార్గిట్, ఆ వాక్యం నాది, తీసెయ్యి. ఆమె అన్నవి ఇవి. నా మొహం సన్నం. దవడ ఎముకలు కనబడేవి. ముక్కు కొంచెం ఎడమకి వంకర, చిన్నప్పుడు తెడ్డు తగిలింది. పైవరసలో ఒక పన్ను ముందుకుండేది, అందుకని నోరు మూసుకుని నవ్వేదాన్ని. కనుబొమలు కలిసిపోయేవి. నుదురు చిన్నది, బొట్టు పెడితే ఇంక చోటుండేది కాదు..."

బొడ్డమ్మ అతని నోటి వైపు చూస్తోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరి గురించో వింటున్నట్టు తల ఊపుతోంది. బర్నబా ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట చెప్పాడు.