ఆరో గుండు

...ఐదు చప్పుళ్లు మాత్రం విన్నాను. ఆరోది వినబడలేదు. వినబడనంత మాత్రాన అది లేదని ఎలా అనుకోను? ఎక్కడో ఆగి ఉంటుంది, నాలాగే.

నేను ఒక రేకు డబ్బాను. ఏ దేశపు కార్ఖానాలో పుట్టానో తెలియదు. పిడికిలంత గుండ్లు ఆరింటిని నాలో పడుకోబెట్టి, నా పొట్ట మీద ఎర్ర అక్షరాలతో ‘నిప్పుకు దూరంగా ఉంచండి’ అని రాసి, కింద గుండ్ల మీదున్న అంకెనే అచ్చు వేశారు. మనుషులకు జాగ్రత్త ఎక్కువ. కాబూల్ పక్క కొండ మీద ఒక సిపాయి వాటిని ఒక్కొక్కటిగా తీసి పేల్చాడు. ఐదుసార్లు లోయ పలికింది. ఆరోసారి పలకలేదు. ఖాళీ అయ్యాక కూడా ఆ ఒక్కదాని బరువు నా అడుగున ఉండిపోయింది.

తర్వాత ఒక రేకులపనివాడు నన్ను సగానికి కోసి, మేకుతో చిల్లులు పొడిచి, తీగ కట్టి జర్మీనాకు అమ్మాడు. పదేళ్ల పిల్ల. ఇస్పంద్ గింజలు నిప్పుల మీద వేసి పొగ చూపిస్తే దిష్టి పోతుందని అక్కడి నమ్మకం. నాలో నిప్పులు నింపి, ఆగిన ప్రతి కారు చుట్టూ ఊపేది. నా పొట్ట మీది అక్షరాలు చదవగలిగినవాళ్లెవరూ ఆ దారిన రాలేదు. తండ్రి కొండ మీదికి పోయి తిరిగి రాలేదు; ఇంట్లో తల్లీ, చంటివాడూ ఆ పొగ మీదే రొట్టె తినేవారు.

“దిష్టి తగిలేంత ఏముంది బిడ్డా నా కారుకు? ఒక అద్దం కూడా పోయింది,” అన్నాడొక టాక్సీవాడు.

“మిగిలినవాటికి తగలకూడదుగా, కాకా.”

అతను నవ్వి చిల్లర వేశాడు. ఆ రోజుకు అదొక్కటే.

మధ్యాహ్నం మంచు పడుతుండగా, ఆమె లాలా అని పిలిచే అన్న హేవాద్ వచ్చాడు. పన్నెండేళ్లవాడు, కొండ మీద ఇనుపముక్కలు ఏరి అమ్ముతాడు. అతని గోనె దగ్గరవుతుంటే నా అడుగున బరువు కదిలింది.

“ఇత్తడి టోపీ చూడు,” అని గోనెలోంచి పిడికిలంత గుండొకటి తీశాడు. “కాస్త కాలిస్తే ఊడొస్తుందట.”

“అలాంటివి ముట్టుకోవద్దంది అమ్మ, లాలా.”

“రొట్టె కూడా తెమ్మంది. నీ పొగ ఏం తెచ్చిందేమిటి ఇవాళ?”

జర్మీనా పిడికిలి విప్పి ఆ కాస్త చిల్లర చూపింది.

“ఒక్క నిమిషం, పొగపిల్లా. నీ నిప్పు తరిగిపోదులే.”

దాని మీది అంకె, నా మీది అంకె ఒకటే. అది పరాయి చోటికి వస్తున్నట్టు లేదు. ఇంటికి వస్తున్నట్టుంది. నిజం చెప్పాలంటే, ఒక క్షణం నాకూ రానివ్వాలనిపించింది. ఇన్నేళ్లూ చెవి ఒగ్గింది ఆ చప్పుడు కోసమేగా. ఎదురుచూపు ముదిరితే కోరికలాగే ఉంటుంది కాబోలు.

జర్మీనా నన్ను ముందుకు చాచింది. ఆమె వేళ్ల బిగువు తీగ గుండా నాలోకి దిగింది. అందులో ఆకలేదో భయమేదో నాకు విడదీయడం చేతకాలేదు.

ఆ తీగ నా చిల్లు దగ్గర ఎన్నాళ్లుగానో అరిగి ఉంది. నేనే పట్టుకుని ఉన్నాను.

వదిలేశాను. మంచులో బోర్లా పడ్డాను. నిప్పులన్నీ సుయ్యిమని చల్లారిపోయాయి.