బాగానే వస్తోంది, బాబాయ్ గారూ

నేను ఒక రౌటరును. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి చేతులకు తొడుగులు ఉన్నాయి, అందుకని ఆ చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలియదు. రెండు కొమ్ములు పెట్టింది, దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసింది, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. పెట్టె మీద నా వేగం గురించి రాశారు. బీరువాల గురించి ఏమీ రాయలేదు.

గోడౌను, లారీ, మళ్లీ గోడౌను. చివరికి నిడదవోలులో హైమవతి, గోపీనాథ్‌ల ఇల్లు చేరాను.

హైమవతి ఇంట్లో కూర్చునే నెట్టు మీద ఒక బీమా కంపెనీ ఫోన్లు తీసుకుంటుంది. మాట మధ్యలో లైను తెగితే తప్పు ఆమె పేరున పడుతుంది. అప్పటికి చాలా పడ్డాయి. ఇంకో నెల చూసి వేరేవాళ్లను పెట్టుకుంటామని ఆఫీసు చెప్పేసింది.

ఆ ఇంట్లో అప్పుడున్నది సూరిబాబు నెట్టు. సూరిబాబు ఆ పేటకు కేబుల్ ఆపరేటరు. గోపీనాథ్ తండ్రి బాత్‌రూములో పడిపోయినప్పుడు ఆయనే ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు, కొడుకు రాజమండ్రి నుంచి వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆయన ఆ ఇంటికి బాబాయ్.

కొత్త కనెక్షన్ కోసం మొగుడూ పెళ్లాం బాగానే వెతికారు. ఎవరి వేగం ఎంత, ఏ ఓటీటీ ఉచితం, బిగించడానికి ఎంత, అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. కంపెనీ తేలింది. సూరిబాబుకు ఎవరు చెప్పాలన్నదే తేలలేదు.

"మీరే చెప్పండి. బాబాయ్ అని మొదలెట్టింది మీరేగా."

"నువ్వూ పిలుస్తావుగా?"

"మీరు పిలిస్తే పిలిచాను."

ఎవరూ చెప్పలేదు. సూరిబాబు తాడేపల్లిగూడెం పెళ్లికి వెళ్లిన రోజు చూసి నన్ను బిగించారు. ఆయన పెట్టె గోడ మీద అలాగే ఉంది. ఆయనకు నెలనెలా ఇచ్చేది ఇస్తూనే ఉన్నారు. ఆయన బండి గేటు దగ్గర ఆగితే గోపీనాథ్ నా మీద టవలు కప్పేవాడు. ఆయన టీ తాగుతూ అడిగేవాడు: "నెట్టు ఎలా వస్తోందమ్మా?"

"బాగానే వస్తోంది, బాబాయ్ గారూ."

ఆ మాట అబద్ధం కాదు. నేను రాకముందూ ఆమె అదే మాట చెప్పేదని నాకు తర్వాత తెలిసింది.

ఆమెను ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి ఆఫీసు వాళ్లు ఆమె కాల్ విన్న రోజు వచ్చింది. హైమవతి వెనక గదిలో తలుపేసుకుని మాట్లాడుతోంది. గేటు దగ్గర బండి ఆగింది. టవలు దండెం మీద ఆరుతోంది. గోపీనాథ్ నన్ను వైర్లతో సహా ఎత్తి, పక్కనున్న బీరువాలో చీరల మధ్య పెట్టి తలుపు మూశాడు. వైర్లు అడ్డుపడి తలుపు పూర్తిగా పడలేదు, భుజంతో నొక్కాడు.

ఇనుములోంచి నా మాట బయటికి పోదు. వెనక గదిలోంచి హైమవతి గొంతు వినిపించింది. "హలో... మేడమ్, వినిపిస్తోందా? హలో?"

సూరిబాబు కుర్చీలో కూర్చున్నాడు. గోడలోంచి బీరువాలోకి పోతున్న వైర్లు చూశాడు.

"బీరువాకి కూడా కనెక్షన్ ఇప్పించావేంటి గోపీ?"

గోపీనాథ్ బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"తియ్యవయ్యా ముందు. అమ్మాయి ఫోను పోతోంది."

తలుపు తెరుచుకుంది. వెనక గదిలో "సారీ మేడమ్, ఇప్పుడు చెప్పండి" అని వినిపించింది. ఆ కాల్ నిలబడింది, ఆ తర్వాత ఉద్యోగమూ నిలబడింది.

బయటికొచ్చిన హైమవతి మొగుణ్ణి చూసింది, బీరువాలో నన్ను చూసింది, సూరిబాబును చూడలేదు.

"స్తంభం ఎక్కేది నేనేనమ్మా. కొత్త తీగ కనపడదా?"

"మరి అడగలేదేం, బాబాయ్ గారూ?"

"మీరే చెబుతారని చూశాను."

అప్పుడు చెప్పింది. లైను తెగడం, ఆఫీసు వాళ్ల మాటలు, అన్నీ.

"ఎప్పటి నుంచి ఇలా?"

"ఎండాకాలం నుంచి."

"అప్పట్నుంచీ వచ్చినప్పుడల్లా అడిగాను కదమ్మా. పక్క వీధి డేవిడ్ మాస్టారు నెట్టు రావట్లేదని నన్ను గేటు దగ్గరే నిలబెట్టి తిట్టాడు. వాళ్ల వీధికి కొత్త లైను లాగాను. మీరు బాగుందన్నారు."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి తన పెట్టె ఊడదీసుకున్నాడు. టీ తెస్తే కాదనలేదు. తాగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఆ ఇంట్లోకి రాలేదు. స్తంభాలు చూసుకోవడానికి ఆ వీధిలోనే తిరుగుతాడు. బండి చప్పుడైతే గోపీనాథ్ చెయ్యి ఇప్పటికీ టవలు మీదికి పోతుంది.

మొన్న పొద్దుటి నుంచి నా ఎర్రదీపం ఆరలేదు. మధ్యాహ్నం నెట్టు కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి ఫోను చేసింది. "మా సర్వీసు ఎలా ఉందండీ?"

"బాగానే..." అని హైమవతి ఆగింది. "లేదండీ. పొద్దుటి నుంచి రావట్లేదు. మనిషిని పంపండి."

ముక్కూ మొహం తెలియని పిల్లతో అంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. ఫోను పెట్టేశాక ఆమె నా వైపు చూడలేదు. సూరిబాబు పెట్టె ఊడదీసిన చోట గోడకు స్క్రూల కన్నాలున్నాయి. వాటి వైపే చూస్తూ నిలబడింది.