ఇంక బెటరు

నర్సు తలుపు సందులోంచి తల బయటపెట్టి, "మీ బిడ్డ ఇంక్యుబేటరండీ" అని చెప్పి తలుపు వేసుకుంది. ఆమెది కేరళ. తెలుగును కూడా పరుగెత్తుతూనే మాట్లాడుతుంది. నెల్లూరు మిషను ఆసుపత్రి వరండాలో నిలబడ్డ దైవాధీనం మాస్టారికి మాత్రం "మీ బిడ్డ ఇంక బెటరండీ" అని వినిపించింది.

ఇందులో మాస్టారి చెవుల తప్పేమీ లేదు. ఆయన విడవలూరు దాపున సముద్రపొడ్డు పాలెంలో మిషను బడి పంతులు. గుడ్డు, బెటరు, బెస్టు అని పిల్లల చేత రోజూ వల్లె వేయించే మనిషి. 1962లో ఆ బడి పుస్తకాల్లో గుడ్డు ఉంది, గుడ్డును పొదిగే కోడి కూడా ఉంది. ఇంక్యుబేటరు లేదు.

బిడ్డ ఏడో నెలలోనే పుట్టాడు. ఏడో నెల బిడ్డ అయినా ఏడవలేదు. ఆ పని తండ్రి చూసుకున్నాడు. ఇది మూడో కాన్పు. మొదటి ఇద్దరూ ఊరి సమాధుల దొడ్లో ఉన్నారు. వాళ్ళకు పేర్లు పెట్టే తీరిక కూడా దొరకలేదు. అందుకని "బెటరు" అనే మాట చెవిన పడగానే మాస్టారు ఇంకేమీ అడగలేదు. వాడున్న వార్డులోకి మగవాళ్ళను ఎలాగూ రానివ్వరు. మరునాడు ఆదివారం. ఊళ్ళో సంఘానికి చెప్పాలని ఆఖరి బస్సెక్కి పెన్న దాటేశాడు.

మరునాడు పరంజ్యోతి పాస్టరుగారు ఓర్పును గురించి తయారు చేసుకున్న ప్రసంగాన్ని ఓర్పుగా పక్కనబెట్టి, ఆరాధనను కృతజ్ఞత కూడికగా మార్చేశాడు. మాస్టారి తల్లి పిచ్చమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుంది. రెండో కీర్తన సగంలో ఉండగా చెంచమ్మ వచ్చి గడప బయట గంప దించింది.

చెంచమ్మ చేపల వీధి మనిషి. పోలేరమ్మకు పొంగలి పెట్టుకునే ఇల్లు, గుడికీ చర్చికీ ఒకటే దణ్ణం పెడుతుంది. నెల్లూరులో ఆసుపత్రి ఆయాలకు ఎండుచేపలు వేసి వస్తూ, కిటికీ దగ్గర మాస్టారి భార్య కరుణాకుమారిని పలకరించి వచ్చింది. కరుణాకుమారి అత్తగారికి చెప్పమన్న కబురు ఇది: బిడ్డను పెట్టెలో పెట్టినారు, వెచ్చగా ఉండాడు, ప్రార్థన చేయమను. అప్పటి బస్సు, అప్పటి రోడ్డు. కోవూరు గతుకుల్లో 'వెచ్చగా' జారిపోయింది. విడవలూరులో 'ప్రార్థన' దిగిపోయింది. పాలెం చేరేసరికి పెట్టె ఒక్కటే మిగిలింది.

"పిచ్చమ్మక్కా, బిడ్డను పెట్టెలో పెట్టినారంటక్కా."

కీర్తన ఆగిపోయింది. ఊళ్ళో తక్కిన వాళ్ళకు పెట్టె అంటే బట్టలు పెట్టుకునేది. ఆ చర్చి గదిలో ఉన్నవాళ్ళకు పోయిన మనిషిని పెట్టేది.

మాస్టారు లేచాడు. బెటరని నర్సే చెప్పింది, తాను చెవులారా విన్నానన్నాడు.

"నీకెన్ని చెవులో నాకూ అన్నే గదయ్యా" అంది చెంచమ్మ. "కన్నతల్లి నోటితో చెప్పింది. నేనేం కల్పించలా."

సంఘం రెండుగా చీలింది. కుడివైపు వాళ్ళు స్తోత్రం చేద్దామన్నారు, ఎడమవైపు వాళ్ళు కన్నీళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టాడు గానీ, ఇచ్చినందుకు స్తుతించాలో తీసుకున్నందుకు ఓదార్పు అడగాలో తేలక, "నీ చిత్తం" దగ్గర ఆగిపోయాడు. అప్పుడు గట్టిగా ఆమేన్ అన్నది ఆమే, పిచ్చమ్మ. అని, లేచి వడ్రంగి కామాక్షయ్య ఇంటికి వెళ్ళిపోయింది.

కామాక్షయ్య ఏం కావాలని అడగలేదు. "పాత కొలతేనామ్మా?" అన్నాడు.

"ఇంకా చిన్నది" అంది పిచ్చమ్మ.

సోమవారం పొద్దున పిచ్చమ్మ, మాస్టారు, పాస్టరుగారు, వాళ్ళతో పాటు పెట్టె బస్సెక్కారు. ఏడో నెల బిడ్డకు చెక్క ఒత్తుకుంటుందని పిచ్చమ్మ పెట్టె నిండా బూరుగు దూది పరిచింది. మాస్టారు స్తోత్రార్పణ కోసం కొన్న అరటిగెలను వదల్లేదు. తాను విన్నది బెటరేనని దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు. చెప్తున్నంతసేపూ, పెట్టె కుదుపులకు జారకుండా ఒక చెయ్యి దాని మీదే ఉంచాడు. కండక్టరు లగేజీ సంగతి అడగబోయి, సైజు చూసి, తన సీటు పిచ్చమ్మకు ఇచ్చేశాడు.

కరుణాకుమారి వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. వాళ్ళనూ గెలనూ చూసింది. తర్వాత పెట్టెను చూసింది.

"అదేందత్తమ్మా?"

"పెట్టె."

"లోపల ఒకటి ఉండాది గదా, ఇంకోటెందుకు?"

పిచ్చమ్మకు అర్థం కాలేదు. కోడలు ఆమె చెయ్యి పట్టుకుని వార్డు కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. మాస్టారు వెనకాల నుంచి చూశాడు. లోపల గాజు మూత పెట్టె, అందులో ఎర్రగా వెలుగుతున్న బల్బులు, వాటి కింద అరచెయ్యంత మనిషి. పక్కటెముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. మిషను ఆసుపత్రిలో మిషను అదొక్కటే. దాని మీద రాసి ఉన్న ఇంగ్లీషు పేరును మాస్టారు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చివరికొచ్చేసరికి నర్సు నిజంగా అన్నదేమిటో తెలిసింది. ఇంగ్లీషు వచ్చినందుకు ఆయన మొదటిసారి బాధపడ్డాడు.

డాక్టరమ్మ వచ్చింది. బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదనీ, గండం గడవలేదనీ చెప్పి, "మేము చేసేది చేస్తున్నాం. తక్కినదంతా దైవాధీనం" అంది.

"నేనేనండీ" అన్నాడు మాస్టారు. తర్వాత ఆమె అన్నది తనను కాదని తెలిసి కూర్చున్నాడు.

డాక్టరమ్మ వెళ్ళాక మాస్టారు భార్యతో చిన్నగా, బతకని బిడ్డ బతికినాడని సంఘం చేత అబద్ధపు స్తోత్రం చేయించానన్నాడు.

"బతకలేదని ఎవరన్నారు?" అంది కరుణాకుమారి. "చేసిన స్తోత్రం చేసినట్టే ఉండాలి. వెనక్కి తీసుకోబాకు. కొంచెం ముందుగా చేసినాం, అంతే గదా."

ఆ మాట పాస్టరుగారు కూడా విన్నాడు. ఓర్పును గురించిన ప్రసంగంలో అది లేదు.

పెట్టెను వరండాలో బల్ల కిందికి తోశారు. పాస్టరుగారు ఊళ్ళో సంఘానికి చెప్పడానికి వెళ్ళాడు. ఆయన "బిడ్డ ఉన్నాడు, కానీ పెట్టెలోనే ఉన్నాడు" అని చెప్పడంతో అక్కడ గందరగోళం ఇంకాస్త చిక్కబడింది. వరండాలో మాత్రం ప్రార్థన సాగుతూనే ఉంది. కరుణాకుమారి ఆయా చేత చెంచాతో పాలు పంపేది. అవి బిడ్డ లోపలికి పోయాయా, బయటికొచ్చాయా అనేదే ఆమె వాక్యధ్యానం. మాస్టారు ఈసారి చెవులకు తర్ఫీదు ఇచ్చుకున్నాడు. ఇంక్యుబేటరు, ఇంక్యుబేటరు అని లోలోపల వల్లె వేసుకున్నాడు. మళ్ళీ మోసపోకూడదు.

వానపట్టిన ఒక సాయంత్రం డాక్టరమ్మ హడావిడిగా వచ్చింది. వాకాడు వైపు జాలర్ల ఇంటి నుంచి ఇంకో నెలతక్కువ బిడ్డను తెచ్చారు.

"మాస్టారూ, మీవాడు ఇంక బెటరు. వాణ్ణి ఇవాళ తీసేస్తున్నాం. చిన్న పెట్టె ఏదైనా దొరుకుతుందా?"

తర్ఫీదైన చెవులు తమ పని తాము చేశాయి. మీవాడు ఇంక్యుబేటరు. తీసేస్తున్నాం. పెట్టె.

"ఉండాదండీ" అన్నాడు మాస్టారు.

ఆయన ఏడవలేదు. బల్ల కిందికి వంగి పెట్టెను బయటికి లాగాడు. తుండుగుడ్డతో దుమ్ము తుడిచాడు. పిచ్చమ్మ మొహం గోడకు తిప్పుకుంది. మగవాళ్ళను రానివ్వని వార్డులోకి, ఎవరూ అడ్డం చెప్పకుండా, మాస్టారు పెట్టెను రెండు చేతులా మోసుకుని పోయాడు. కరుణాకుమారి అప్పటికే లోపల ఉంది. నర్సు దూదిని చేత్తో నొక్కి చూసి మెచ్చుకుంది. వేడినీళ్ళ సీసాలకు గుడ్డలు చుట్టి, పెట్టెలో ఆ వారా ఈ వారా పేర్చింది.

పోయిన బిడ్డకు వేడినీళ్ళెందుకో మాస్టారికి తెలియలేదు. ఇది ఈ ఆసుపత్రి ఆచారం కాబోలనుకున్నాడు. బిడ్డను పడుకోబెట్టాక, తన వంతు పని అన్నట్టు మూత అందుకుని వెయ్యబోయాడు.

నర్సు ఆయన చెయ్యి పట్టుకుంది. "మూత వద్దు సార్. వాడు ఊపిరి తీసుకోవద్దా?"

మాస్టారు మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పెట్టెలోంచి ఏడో నెల బిడ్డ ఏడ్చాడు. పెద్ద ఏడుపేం కాదు, పిల్లి కూనంత. అయినా వరండాలో పిచ్చమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఇంక బెటరని చెప్పినారు గదయ్యా" అంది కరుణాకుమారి, ఆయన మొహం చూసి. "ఏం విన్నావు నువ్వు?"

ఆయన విన్నది చెప్పాడు. కరుణాకుమారి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పెట్టె అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయి, చాలాసేపు లేవలేదు.

బిడ్డ ఊరికి వచ్చిన ఆదివారం, పాస్టరుగారు ప్రసంగం మానుకుని మాస్టారిని నిలబెట్టాడు. మాస్టారు బడి నల్లబల్ల తెప్పించి ఆ రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి రాశాడు. నర్సు అన్నదేమిటో, తాను విన్నదేమిటో, ఆ తర్వాత డాక్టరమ్మ అన్నదేమిటో, తాను విన్నదేమిటో వరసగా చెప్పాడు. చెంచమ్మ గడప దగ్గర లేచి, తాను తెచ్చిన కబురులో అబద్ధమేమీ లేదనీ, దారిలో కాస్త తగ్గిందనీ ఒప్పుకుంది. కుడివైపు వాళ్ళూ ఎడమవైపు వాళ్ళూ కలిసి ఆగిపోయిన కీర్తన మిగతా సగం పాడారు.

బయట వేపమొద్దు మీద కూర్చున్న కామాక్షయ్యకు మాస్టారు విడిగా ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. తాను చేసిన పెట్టెలో బిడ్డ పడుకుని పెరిగాడని విని కామాక్షయ్య కొంచెం నొచ్చుకున్నాడు.

"ముందే చెప్పుంటే గాలికి బెజ్జాలు పెట్టేవాణ్ణి గదయ్యా" అన్నాడు.