ఆడపిచ్చుక కడియం

నేను ఒక పిచ్చుక కాలి కడియాన్ని. ఏ పిచ్చుకదని మాత్రం అడక్కండి, నాకే తికమక. పుట్టుకతో అల్యూమినియం రేకుని. నా తోడబుట్టిన రేకులు ఎవరిళ్లలోనో సత్తుగిన్నెలై పప్పు ఉడికిస్తున్నాయి. నన్ను మాత్రం వడ్లగింజంత కడియంగా వంచి, ఒంటినిండా అంకెలు పొడిచారు. చదువు రాని పిచ్చుకకు అంకెలెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నన్ను తెచ్చింది హిమజ. గోదావరి మధ్య ఉన్న ఆ లంకలో పిచ్చుకలు తగ్గిపోతున్నాయట. కనబడనివి చచ్చిపోతున్నాయా, ఏరు దాటి అవతలి గట్టుకు పోతున్నాయా అని ఆమె బెంగ. అందుకని వల వేసి పట్టి, కాలికి కడియం తొడిగి, దాని అంకె, ఆడో మగో రాసుకుని వదిలేస్తుంది. ఏటేటా వచ్చి మళ్లీ వెతుక్కుంటుంది. పట్టుకునేది వదలడానికట, వదిలేది వెతకడానికట! అలా నేను ఒక గోధుమరంగు ఆడపిచ్చుక కాలికెక్కాను.

దాని గూడు వీరవేణి ఇంట్లో, సీలింగు ఫ్యాను గిన్నెలో. పడవ దిగినవాళ్లకు భోజనం వండిపెట్టే మనిషి వీరవేణి. చూరుకు వరికుచ్చు కట్టి పిచ్చుకలను పిలుస్తుంది. ఫ్యానులో గూడు పెడితే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఇంటిల్లిపాదీ ఉక్కతో చస్తారు గాని స్విచ్చి ముట్టరు. ఇంటికొచ్చిన మనిషిని కష్టపెట్టకూడదన్నది ఆమెకు ఇంకో పట్టింపు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడితే ఏం చేయాలో ఆమెకెవరూ నేర్పలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం హిమజ చెమటలు కక్కుతూ వచ్చి విస్తరి ముందు కూర్చుంది. తలెత్తి చూసే ఓపిక కూడా లేదామెకు. వీరవేణి ప్రాణం ఉసూరుమంది. పిచ్చుక బయటికెళ్లింది కదా అని స్విచ్చి నొక్కింది. హిమజ తిని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. అప్పుడే నేనూ నా పిచ్చుకా గడ్డిపరక కరుచుకుని గూటికి వచ్చాం. ఫ్యాను రెక్క తగిలింది. ఆ తర్వాత నా కాలు కదల్లేదు. కాలంటే కదిలేదనే అంతవరకు నాకు తెలుసు.

వీరవేణి దాన్ని కొంగులో దాచేసి ఏడ్చింది. తెలిస్తే ఆ పిల్ల తిన్న అన్నం ఒంటబట్టదని చెప్పలేదు. నన్ను పిన్నీసుతో విడదీసి, పసుపు డబ్బా పక్కన పెట్టింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మరుసటేడు హిమజ వలలో కడియమున్న పిచ్చుక ఒక్కటీ పడలేదు. ఆమె ముఖం వేలాడేసింది. ఉత్తిచేతులతో పంపడం వీరవేణి వల్ల అయ్యే పనా? ఇంట్లో దూరిన పిచ్చుక మీద తువ్వాలు వేసి పట్టింది. ఆడో మగో చూసుకునే తీరిక లేదు. నన్ను దాని కాలికి తొడిగి, పళ్లతో నొక్కి వదిలేసింది. కాలు కదిలింది! చచ్చింది నేనా, ఎగురుతున్నది ఎవరు? ఏమీ పాలుపోలేదు.

మర్నాడు వీరవేణి పెరట్లో కట్టిన వలలో పడ్డాం. హిమజ నా అంకె చదివి, "బతికే ఉంది!" అని కేక పెట్టింది. పిచ్చుకను వెల్లకిలా తిప్పితే గొంతు కింద నల్లటి మచ్చ. మగది. ఆమె ముఖం పాలిపోయింది.

"అక్కా, దీన్ని ఆడదని రాసుకున్నాను. ఇదే తప్పు రాశానంటే మిగతావి మాత్రం నిజమని ఏముంది? ఇన్నేళ్ల పనీ పారేయాల్సిందే."

చెబితే పిల్ల మనసు విరుగుతుంది, చెప్పకపోతే పని మట్టిపాలవుతుంది. వీరవేణి గుమ్మం పట్టుకుని నోరు విప్పింది.

"మీరు రాసింది తప్పు కాదండి అమ్మాయిగారూ. అది నిరుడే సచ్చిపోయిందండి. మీరు ఉత్తిచేతుల్తో ఎల్లిపోతారని ఆ కడియం నేనే దీనికి తొడిగేనండి."

"ఎలా చచ్చిపోయింది?"

వీరవేణి లోపలికి తిరగబోయింది.

"చెప్పక్కా. ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియకపోతే మిగిలినవాటిని ఎలా కాపాడతాను?"

"మీరు అన్నం తింటన్నారండి. చెమట్లు కారిపోతన్నాయని... ఫ్యానేసేనండి."

హిమజ నన్ను విప్పి, మగపిచ్చుకను వదిలేసి, నన్ను గుప్పిట్లో మూసుకుంది. ఆ చీకట్లో నాకేమీ కనబడలేదు. ఇంతలో తాటాకు విసనకర్ర చప్పుడు మొదలైంది.

"వద్దక్కా," అంది హిమజ ఏడుస్తూ.

"ఊరుకోండమ్మా, బాగా ఉక్కగా ఉంది," అని వీరవేణి విసురుతూనే ఉంది.