జతలో రెండో పేరు

అంతోనమ్మను మట్టిలోంచి బయటికి తీసేసరికి తలమీద చుట్టకుదురు చెక్కుచెదరకుండా ఉంది. తట్ట మాత్రం నలిగి అట్టముక్కలా అయిపోయింది.

పొద్దున తొమ్మిదింటికి గట్టు విరిగిపడింది. తిరువూరుకు రెండు మైళ్ళ అవతల, సాగర్ కాలువ తవ్వకంలో, పెనుగొలను పేట కూలీలు అరవై జతలు పనిచేస్తున్నారు. అరవై జతలూ చూశారు. గట్టును అడుగున తొలవమన్నది మేస్త్రీ అంకారావు. "కింద తొలిస్తే పైది దానంతటదే పడుద్ది, పని తొందరగా తెములుద్ది" అన్నాడు. పడింది.

పార అవతల పారేసి వట్టి చేతులతో మట్టి తోడినవాడు ఆమె మొగుడు శౌరయ్య. ఆమెను తీశాక కూడా తోడుతూనే ఉన్నాడు. తట్టలు మోసే ఆడవాళ్ళలో పెద్దది పిచ్చమ్మ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని ఆపింది.

జీపు వచ్చింది. కాంట్రాక్టరు వీరరాఘవయ్య దిగలేదు. మేస్త్రీని దగ్గరికి పిలిచి ఏదో చెప్పాడు. మేస్త్రీ సంచీలోంచి ఒక కాగితం తీసుకుని శవం పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారు చాలా బాధపడుతున్నారు శౌరయ్యా. కానీ ఈమె మా కూలీ కాదు. అగ్రిమెంటులో పేరు లేదు. చదువుకున్నోడివి, నువ్వే చూసుకో."

శౌరయ్య చూశాడు. అరవై పేర్లున్నాయి. అన్నీ మగపేర్లే. పేర్లకు పైన ఏడో షరతు ఉంది. "కూలీ తన వెంట తెచ్చుకొను తోడు మనిషికి ఏమి జరిగినను కాంట్రాక్టరుకు ఏ విధమైన సంబంధము లేదు."

షరతు ఎవరో గుమాస్తా రాశాడు. కింద అరవై పేర్లు రాసిన చెయ్యి మాత్రం శౌరయ్యదే.

మట్టిపని ఒక మనిషి చేసేది కాదు. మగాడు పార పట్టి తవ్వితే ఆడమనిషి తట్టకెత్తుకుని గట్టెక్కి పోస్తుంది. ఇద్దరూ కలిస్తే ఒక జత. ఏ చెరువు తవ్వినా, ఏ రోడ్డు పోసినా తాతల నాటినుంచి జతను మగాడి పేరుతోనే పిలిచారు. శౌరయ్య జత, రాయప్ప జత. రెండో పేరు ఎవరూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

రెండు నెలల కింద తిరువూరు బస్టాండు ఎదుట హోటల్ బల్ల మీద ఆ కాగితం పరిచారు. చదువురానివాళ్ళు కలం ముట్టుకుంటే చాలు, రాయొచ్చినవాడు పేరు రాసి పక్కన నిశానీ గీత పెడతాడు. పేటలో అయిదో తరగతి దాకా చదివినవాడు శౌరయ్య ఒక్కడే. "నీ దస్తూరీ మా గుమాస్తాకి కూడా లేదయ్యా" అన్నాడు మేస్త్రీ. కాగితం పై సగం మీద అతని అరచెయ్యి ఉంది. శౌరయ్య ఆ చెయ్యి తీయమనలేదు. ఒక్కొక్కరూ వచ్చి కలం ముట్టుకుంటుంటే, ముత్యాల్లాంటి అక్షరాలతో అరవై పేర్లు రాసుకుంటూ పోయాడు. తనది చివర, కొంచెం పెద్దగా.

"పైన ఏముందో చదివావా?" అని వెనకనుంచి అడిగింది అంతోనమ్మ.

"చదివేదేముంది, పనే కదా" అన్నాడు.

ఆమెను సమాధుల దొడ్లో పెట్టి వచ్చాక శౌరయ్యకు మిగిలింది ఆ మాట ఒక్కటే.

ఆదివారం పూజ అయ్యాక చర్చి గుడి ముందే అందరూ కూర్చున్నారు. రెండో మైలు పని సోమవారం మొదలు. దానికి కొత్త అగ్రిమెంటు రాస్తారట.

"ఈసారి కాగితం మొత్తం చదివాకే కలం ముట్టుకుందాం" అన్నాడు శౌరయ్య. "జతకు రెండు పేర్లు రాయాలి. గట్టు అడుగున తొలవం."

రాయప్ప లేచాడు. అంతోనమ్మకు అన్న. అతనికి నలుగురు పిల్లలు. "మనకెందుకు బావా ఈ చదువులు? చదువుతామంటే పని పోద్ది. విస్సన్నపేటోళ్ళు ఎప్పుడెప్పుడా అని కాసుక్కూర్చున్నారు."

"మొన్న చదవలేదుగా. పనుంది. మీ చెల్లెలు లేదు."

రాయప్ప గతుక్కుమన్నాడు. శౌరయ్య వదల్లేదు. "నిన్న హోటల్లో మేస్త్రీతో టీ తాగిందెవరు?"

"టీ తాగితే అమ్ముడుపోయినట్టేనా?"

"టీకి అమ్ముడుపోయినోళ్ళని చూశాం" అంది పిచ్చమ్మ. నలుగురు నవ్వారు. ఆమె ఆగలేదు. "దస్తూరీ బాగుందంటే అమ్ముడుపోయినోణ్ణి కూడా చూశాం."

నవ్వు ఆగిపోయింది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. శౌరయ్య తలదించలేదు.

"నిజమే అత్తా. ఆ కాగితంలోంచి దాని పేరు తీసేసింది అంకారావు కాదు, నేనే. అందుకే ఈసారి నన్ను కూడా నమ్మమాకండి. నేను పైకి చదువుతా. నువ్వు పక్కనే నిలబడి ప్రతి మాటకీ అర్థం అడుగు. నీకు అర్థంగాకుండా ముందుకి పోను."

"అడుగుతా. నా నోటి సంగతి నీకు తెలుసుగా."

సోమవారం పొద్దున కాంట్రాక్టరు గుడారం ముందు టార్పాలిన్ పందిరి వేసి ఉంది. రెండు నెలల ఎండల్లో ఎన్నడూ లేని పందిరి. కింద కాగుతో మజ్జిగ, అందులో నిమ్మాకు కూడా వేశారు.

"తాగమాకండే" అంది పిచ్చమ్మ. "ముందు కాగితం, తర్వాత మజ్జిగ."

వీరరాఘవయ్య ఆ రోజు జీపు దిగాడు. శౌరయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "జరిగిందేదో జరిగింది. ఆ ఏడో షరతు తీసేయమన్నానయ్యా. మీ ఆడవాళ్ళ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. కానివ్వండి."

"చదువుతానండి."

"తీసేశానని నేను చెప్తున్నా కదా. నా మీద నమ్మకం లేదా?"

"లేదండి."

అంత మర్యాదగా ఆ మాట అతని మొహం మీద ఇంతవరకూ ఎవరూ అనలేదు. భుజం మీది చెయ్యి వెనక్కి పోయింది.

శౌరయ్య కాగితం వెలుతురుకు పట్టి మొదటి అక్షరం నుంచి పైకి చదివాడు. పిచ్చమ్మ ప్రతి షరతు దగ్గరా ఆపింది. "అంటే?" అంది. చెప్పాడు. మళ్ళీ "అంటే?" అంది. మేస్త్రీ గడియారం చూసుకున్నాడు. అరగంట పట్టింది. ఏడో షరతు నిజంగానే లేదు. అక్కడ పనిముట్ల సంగతేదో రాసి ఉంది.

"చూశావా బావా?" అన్నాడు రాయప్ప. అతని చెయ్యి అప్పటికే కలం వైపు పోతోంది.

"ఆగు. ఆడోళ్ళ పేర్లకి చోటేదీ?" అంది పిచ్చమ్మ. "అబ్బాయ్, కాగితం తిప్పు."

తిప్పాడు. వెనక అడుగున ఒక్కటే వరుస ఉంది. శౌరయ్య దాన్ని రెండుసార్లు మనసులో చదువుకుని, మూడోసారి పైకి చదివాడు. "ఇదివరకటి ఒప్పందములోని షరతులన్నియు ఈ ఒప్పందమునకును వర్తించును."

"అంటే?"

"ముందు గుమ్మంలోంచి తోలేసిన ఏడోది, దొడ్డిదారిన లోపలికొచ్చి కూర్చుందత్తా."

ఎవరూ అరవలేదు. పిచ్చమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకో తట్ట బోర్లపడింది. తర్వాత లెక్కలేదు. తట్ట లేచేదాకా పార లేవదని మగాళ్ళకు చెప్పక్కర్లేదు. పారలు మట్టిలో గుచ్చి నిలబడ్డారు. రాయప్ప చివర వచ్చి పార గుచ్చాడు. శౌరయ్య జరిగి చోటిచ్చాడు. నమ్మకం మాత్రం ఇంకా ఇవ్వలేదు.

"కూర్చోండి, కూర్చోండి. మీ బాబుల్లాంటోళ్ళు వస్తున్నారు" అన్నాడు మేస్త్రీ.

పదకొండింటికి విస్సన్నపేట నుంచి లారీ వచ్చింది. నలభై జతలు. మేస్త్రీ వాళ్ళను పందిరి కిందికి తోలాడు, కలం చూపించాడు, "తొందరగా, తొందరగా" అన్నాడు. కాగితం పై సగం మీద అరచెయ్యి పెట్టాడు.

పిచ్చమ్మ కూర్చున్నచోటి నుంచే కేక వేసింది. "ఏమ్మా పచ్చకోకా! నీ పేరేంటి?"

"మాణిక్యం."

"ఆ కాగితంలో నీ పేరుందేమో అడుగు తల్లీ. నిరుడు నీలాంటిదే ఒకతి అడిగిందిలే, మొగుడు చదవలేదు. మొన్న సమాధుల దొడ్లో పెట్టాం."

"నిరుడు కాదత్తా" అన్నాడు శౌరయ్య. "రెండు నెలలే."

మాణిక్యం మేస్త్రీ వైపు చూసింది. "చెయ్యి తియ్యండయ్యా, కింద ఏముందో చూపించండి." మొగుడు మోచేత్తో పొడిచాడు. "ఊరుకోవే, పనిచ్చేటప్పుడు..." "ఎవరికిచ్చేది? మట్టి మోసేది నా నెత్తి." మేస్త్రీ చెయ్యి తియ్యలేదు. ఆ తియ్యని చెయ్యి చూశాకే ఆమె తట్ట బోర్లించింది. ఆమె వెనకే విస్సన్నపేట తట్టలన్నీ బోర్లపడ్డాయి.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. ప్రభుత్వ పనికి అడ్డం అన్నారు. మేస్త్రీ వేలు పెట్టి చూపించింది ఒక్క శౌరయ్యనే. వ్యాను ముందు, రెండూళ్ళ జతలు వెనక, తిరువూరు దాకా నడిచారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు పెద్దగా కోప్పడలేదు. కుర్చీ చూపించాడు. అదీ అనుమానమే. టైపు కొట్టిన కాగితం ముందుకు తోసి కలం మూత తీసిచ్చాడు.

"సంతకం పెట్టి ఇంటికి పో."

"చదవాలండి."

"చదివేదేముంది, వదిలేసే కాగితమే కదా."

శౌరయ్య ఒక్క క్షణం అతని మొహం చూశాడు. ఆ మాట తనకు ఎరుకే. తర్వాత కిటికీ వైపు తిరిగి, బయట ప్రహరీ వెంట తట్టలు బోర్లించి కూర్చున్నవాళ్ళకు వినపడేలా చదవడం మొదలుపెట్టాడు. మొదటి వరుస, ఇకమీదట కూలీలను రెచ్చగొట్టనని. రెండోది, పని చోటికి పోనని. మూడో వరుస సగం దగ్గర ఆగాడు.

"...నా భార్య అంతోనమ్మ, ఎవరును పిలువకయే, తన ఇష్టప్రకారము పని స్థలమునకు వచ్చి..."

రెండు నెలలు మట్టి మోసిన మనిషి పేరు కాగితం మీదికి రావడం అదే మొదటిసారి.

అతను కలానికి మూత పెట్టాడు. కాగితం ఎలా ఇచ్చాడో అలాగే ఇన్‌స్పెక్టరు ముందుకు తోశాడు. "పెట్టనండి."

లాకప్ తలుపు పడింది.

"అబ్బాయ్, చదివావా?" బయటినుంచి పిచ్చమ్మ కేక.

"చదివాను. పెట్టలేదు."

తర్వాత గుమ్మం దగ్గర పిచ్చమ్మ గొంతు, కానిస్టేబుల్‌తో. "అయ్యా, కలం తీసుకో. కాలువ పనిలో ఉన్నోళ్ళ పేర్లు చెప్తాం, రాసుకో. పిచ్చమ్మ, తట్ట."

"పోవమ్మా, పో."

"మాణిక్యం, తట్ట" అంది ఇంకో గొంతు. "సామ్రాజ్యం, తట్ట." ఒక్కొక్కతే లేచి, పేరు చెప్పి, పక్కకు జరుగుతోంది. కానిస్టేబుల్ రాయడం లేదు. వాళ్ళు ఆగడమూ లేదు.

"అంతోనమ్మ, తట్ట" అని ఒక మగగొంతు అంది. రాయప్పది.

శౌరయ్య చువ్వలు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

కానిస్టేబుల్ వీధి తలుపు వెయ్యబోయాడు. పిచ్చమ్మ గడప మీద తట్ట బోర్లించి కూర్చుంది. ఆడపేర్లే ఇంకా సగం కాలేదు. వాటి తర్వాత మగపేర్లున్నాయి.