ఊదకుండా నలభై నిమిషాలు

పద్దెనిమిదేళ్లుగా ముఖాలు దిద్దుతున్న పెద్దకోడలిని పరీక్షలో ఒక్క ఊపిరి పడగొట్టింది.

నాటకాలవాళ్లకి మేకప్ వేసే మేనత్త పక్కన నిలబడి నేర్చుకున్న పని. బ్రష్‌ని పౌడర్‌లో అద్దడం, ఎక్కువైంది ‘ఫూ’ అని ఊదెయ్యడం ఆమె చేతికి ఒకే కదలిక. లైసెన్సు లేనివాళ్లు ఎవరి ముఖమూ ముట్టుకోకూడదని నిబంధన వచ్చాక శిక్షణ గంటలన్నీ పూర్తి చేసింది. చర్మవ్యాధుల మీద రాతపరీక్ష గట్టెక్కింది. ప్రాక్టికల్‌లో మాత్రం మూడో నిమిషానికే ఊదేసింది. నోటి గాలి తగిలితే అది మురికి బ్రష్ కింద లెక్క. పరీక్షాధికారిణి కాగితం మీద అడ్డగీత గీసింది.

అప్పటినుంచి తాను పనిచేసే పార్లర్‌లో ఫోన్లెత్తడమే ఆమె పని. తాను చేయి పట్టుకుని నేర్పిన పిల్లలు లైసెన్సులు తెచ్చుకుని కుర్చీల దగ్గర నిలబడుతున్నారు.

“ఈసారీ కాకపోతే ఫోన్ల దగ్గరే ఉండిపో అక్కా. నీ గొంతు బాగుంటుంది,” అంది యజమానురాలు. మంచి మనసుతోనే అంది. అందుకే మరీ గుచ్చుకుంది.

రెండోసారి పరీక్షకి, మేకప్ వేయించుకునే మోడల్‌గా అత్తగారు తయారయ్యారు.

“డెబ్బై ఏళ్ల ముఖం అత్తయ్యా, ముడతలూ అవీ...”

“ముడతల్లేని ముఖానికి నువ్వెందుకే? అది దానంతటదే బాగుంటుంది.”

నెల్లాళ్లు ఇంట్లో సాధన. కోడలు ఊదినప్పుడల్లా అత్తగారు చెంచాతో గ్లాసు మీద టంగున కొట్టేవారు. మొదటిరోజు పదకొండు టంగులు. “ఇది ఇల్లా, బడా?” అని పక్కగదిలోంచి ఆవిడ కొడుకు విసుక్కున్నాడు. చివరి వారం గ్లాసు మోగలేదు.

పరీక్ష గదిలో నాలుగు కుర్చీలు, నాలుగు అద్దాలు, గోడ గడియారం, నలభై నిమిషాలు. చేతులు శుభ్రం చేసుకుంది. క్రీమ్‌ని డబ్బాలోంచి చిన్న గరిటెతో పలక మీదికి తీసుకుంది. పౌడర్ దగ్గరికొచ్చేసరికి పెదవులు బిగించి, బ్రష్‌ని డబ్బా అంచుకి రెండుసార్లు తట్టింది. అత్తగారి కనుబొమ మెచ్చుకోలుగా లేచింది.

“కదలకండి,” అని గొణిగింది కోడలు.

ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయనగా అత్తగారి ఎడమ కంట్లో నీరూరింది. ఎన్నేళ్ల అలవాటో, ఆవిడ సంచీలోంచి రుమాలు తీసి ఠక్కున అద్దేసుకున్నారు. ఆ రుమాలు ఎక్కడెక్కడ తిరిగిందో! పరీక్షాధికారిణి నాలుగో కుర్చీ మీదికి వంగి ఉంది. చెదిరింది పిసరంతే. ఒక్క గీతతో కప్పెయ్యొచ్చు.

“ఎవరూ చూళ్లేదే,” అన్నారు అత్తగారు పెదవి కదపకుండా.

“నేను చూశాను.”

కన్నంతా తుడిచేసింది. వాడిన బ్రష్‌ని వాడినవాటి పెట్టెలో పడేసింది. మళ్లీ చేతులు శుభ్రం చేసుకుని, కొత్త బ్రష్ విప్పింది. మిగిలింది ఏడు నిమిషాలు. అక్కణ్ణుంచి ఆమె గడియారం వైపు చూడలేదు. శిక్షణ నేర్పిన శుభ్రం ఒక చేతిలో, మేనత్త నేర్పిన వేగం ఇంకో చేతిలో. జారిన రెప్పని కంటి కొసన కాస్త పైకి పట్టి, కన్ను తెరిపించి గీత గీసింది. మూసి గీస్తే ముడతలో మాయమవుతుంది మరి. గంట మోగేసరికి బ్రష్ కింద పెట్టేసి ఉంది.

పరీక్షాధికారిణి లైటు దగ్గరికి లాగి రెండు కళ్లనీ చూసింది.

“ఒక కన్ను రెండోసారి వేశారు.”

“అవునండీ. రుమాలు తగిలింది.”

“అద్దంలో చూశాను. ఏ కన్నో గుర్తుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇప్పుడు పోల్చుకోలేకపోదును.” కాగితం మీద తొంభై ఆరు వేసి, సంతకం పెట్టింది.

“ఆ నాలుగూ ఎందుకు పోయాయమ్మా?” అత్తగారు ఊరుకోలేదు.

“మోడల్ మాట్లాడినందుకు.”

కోడలు పకపకా నవ్వింది. ఎన్నాళ్లకి!

బయటికొచ్చాక బస్సెక్కనన్నారు అత్తగారు. ఈ ముఖాన్ని నలుగురూ చూడాలట. రెండు వీధులు దాటారో లేదో, మందుల షాపు ముందు ఒకావిడ ఆగిపోయింది.

“ఏమీ అనుకోకండి పెద్దమ్మా, మేకప్ ఎవరు వేశారు? వచ్చేవారం మా అమ్మాయి పెళ్లి.”

అత్తగారు జరిగి కోడల్ని ముందుకి నెట్టారు. కోడలు ఆవిడ బుగ్గల రంగు, గడ్డం వంపు ఓసారి నిదానంగా చూసింది. ముట్టుకోవచ్చునా అని ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

“రేపు పదింటికి అమ్మాయిని తీసుకురండి,” అంటూ పార్లర్ చిరునామా చెప్పింది. “నా కుర్చీ దగ్గరికే రండి.”