వార్నిష్ పూసిన మోర్స్ మీట

నేను ఒక మోర్స్ మీటను. వేలితో నొక్కితే అతుక్కోవాలి, వదిలితే విడిపోవాలి. ఇంతే నా పని. ఆ పొట్టి చప్పుళ్ళూ పొడుగు చప్పుళ్ళూ అక్షరాలై రేడియోలో ఊళ్ళు దాటిపోతాయి.

ఇత్తడితో నన్ను చేసి సైన్యానికిచ్చారు. మంచుకొండల్లో తిరిగాను, ఇసుకలో కూరుకుపోయాను. చివరికి విశాఖలో, సముద్రపు ఒడ్డునున్న సైనిక ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో పెట్టి, 'ముట్టరాదు' అని బోర్డు తగిలించారు. ముట్టుకోవడానికే పుట్టినదాన్ని! పదకొండేళ్ళు లోలోపల గింజుకున్నాను. వచ్చినవాళ్ళు "స్టేప్లరా?" అని అడుగుతుంటే ప్రాణం చివుక్కుమనేది.

మొన్న ఒక ఆదివారం సరదాకి రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో క్లబ్బువాళ్ళు బడిపిల్లలకు రేడియో చూపించడానికి వచ్చారు. ఫిరంగికీ కొబ్బరిచెట్టుకీ మధ్య రేడియో ఏరియల్ తీగ కట్టారు. క్లబ్బు కార్యదర్శి సువర్చల అనుమతి తెచ్చుకుని నన్ను పెట్టెలోంచి తీసింది. తన మీట ఇంట్లోనే వదిలేసి వచ్చింది, నా మీద అంత నమ్మకం.

పదకొండు గంటలకు రాజమండ్రి నుంచి ఆమె గురువు భానుమూర్తి మాస్టారు రేడియోలోకి రావాలి. ఆవిడ నన్ను నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. బ్యాటరీ చూసింది, మరలు బిగించింది. పిల్లలు గుసగుసలాడుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు నన్ను రోజూ తుడిచే సింహాచలం ముందుకొచ్చాడు.

"నానే వార్నిష్ పూసినానమ్మా. మెరుత్తాదనీ, తుప్పట్టదనీ."

అతుక్కోవాల్సిన రెండు మొనలకీ పూశాడు. వార్నిష్‌లోంచి కరెంటు పారదు. ప్రేమకొద్దీ నా నోరు కుట్టేశాడు మహానుభావుడు.

సువర్చల చేతిసంచిలోంచి గోళ్ళ ఆకురాయి తీసింది. సింహాచలం అడ్డం పడ్డాడు.

"గీత పడితే నా కొలువూడిపోద్దమ్మా!"

పదకొండూ ఇరవై అయింది. ఆవిడ గొంతు తగ్గించింది.

"పక్షవాతంతో మా మాస్టారికి మాట పోయింది, సింహాచలంగారూ. ఎనిమిది నెలలైంది. ఎడమచెయ్యే ఆడుతుంది. ఇవాళే మొదటిసారి రేడియో ముందు కూచోబెట్టారు. అరగంటకన్నా కూర్చోలేరట."

 సింహాచలం ఆమె చేతిలోంచి ఆకురాయి లాక్కున్నాడు.

"నా సేత్తో పూసినాను, నా సేత్తోనే గీకుతాను."

గీకాడు. నొప్పా? హాయి!

సువర్చల నన్ను నొక్కుతూ మాస్టారిని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. రేడియోలో బరబర తప్ప ఏమీ లేదు. ఎత్తాల్సిన చెయ్యి నా మీదే ఉండిపోయింది. ఆలస్యమైపోయిందనే అనుకున్నాను.

ఇంతలో సన్నగా చప్పుడు మొదలైంది. వంకర టింకర, ఎడమచేతి చప్పుడు. ఆయనే! సువర్చల నవ్వుతూ "రాసుకోండి పిల్లలూ" అని, మాస్టారికి క్షేమసమాచారం పంపింది. ఆవిడ మొహం నిబ్బరంగా ఉంది, గొంతు నిబ్బరంగా ఉంది. చెయ్యి మాత్రం వణుకుతోంది, నా చప్పుళ్ళు తడబడుతున్నాయి. అది నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

రాజమండ్రి నుంచి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పిల్లలు చేతిలోని పట్టిక చూసి రాసుకుని, కూడబలుక్కుని గట్టిగా చదివారు:

"ఎం...దు...కు ఏ...డు...స్తు...న్నా...వ...మ్మా?"

చదివి, అందరూ తలలు తిప్పి ఆవిడ వైపు చూశారు.

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. 'ఏడవడం లేదు మాస్టారూ' అని నా చేత చెప్పించింది. సైన్యంలో శత్రువును ఏమార్చడానికి ఎన్నో అబద్ధాలు మోశాను, అన్నీ నమ్మారు. ఈ ఒక్కటీ రాజమండ్రిలో ఎవరూ నమ్మలేదు.